ఏడు గ్రీన్ క్రోమిస్ చేపల్లో నాలుగే మిగిలాయి, ఉన్నవాటిని ఎలా కాపాడుకోవాలి?

లాలాగూడ లోకో (సికింద్రాబాద్)

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టి చదవమని మనవి. నేను రైల్వేలో లోకో పైలట్‌ను. డ్యూటీలో ప్రతిదానికీ టైము రాసుకునే అలవాటు ఉండటంతో ఇంట్లో అక్వేరియానికి కూడా ఒక నోటుపుస్తకం పెట్టాను. అందులో చూసే రాస్తున్నాను కాబట్టి తేదీల్లో పొరపాటు ఉండదు.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రాళ్లు పోను 215 లీటర్ల ఉప్పునీళ్లు పడతాయి. నవంబరులో నీళ్లు నింపి, చేపలేవీ వేయకుండా ఆరు వారాలు నడిపాను. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే రెండు క్లౌన్ చేపలను వదిలాను. అవి ఇప్పటికీ హాయిగా ఉన్నాయి.

జనవరి 27న ఏడు గ్రీన్ క్రోమిస్ తెచ్చాను. దుకాణంలో చూసినప్పుడే మనసు వాటి మీద పడింది. ఒక వైపు నుంచి చూస్తే లేత ఆకుపచ్చ, అవి మలుపు తిరిగితే పాలపిట్ట రెక్క విప్పినప్పటి నీలం. ఏడూ కలిసి ఒక్కసారి తిరిగితే మా పాప చప్పట్లు కొట్టేది. నేను డ్యూటీ దిగి తెల్లవారుజామున ఇల్లు చేరితే, బట్టలు కూడా మార్చుకోకుండా వాటి ముందు కూర్చునేవాణ్ణి.

ఫిబ్రవరి 5న మొదటిది పోయింది. తెచ్చినప్పటి నుంచే దాని పొట్ట లోపలికి పోయి ఉంది, మేత నోట్లోకి తీసుకుని మళ్ళీ ఉమ్మేసేది. మార్చి 14న రెండోది. దాని తోక అంచు చీలికలు చీలికలుగా ఉంది, చివరి వారం రోజులూ పైన ఒక మూల నిలబడి గుంపులోకి రాలేదు. మే 6న మూడోది. అది ముందు రోజు సాయంత్రం వరకూ బాగానే తిన్నదని మా ఆవిడ చెప్పింది. నేను వచ్చి చూసేసరికి ఒంటి పక్కన పెసరగింజంత ఎర్రటి మచ్చ, ఊపిరి చాలా వేగంగా ఆడుతోంది. మరుసటి పొద్దుటికి ఆ మచ్చ శనగగింజంత అయింది. మధ్యాహ్నానికి పోయింది.

నీళ్ల లెక్కలు: ఉప్పు సాంద్రత 1.026 (అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు), పీహెచ్ 8.1, అమ్మోనియా సున్నా, నైట్రేట్ 15 దగ్గర. వేడి మాత్రం మే మొదటి వారంలో 31 డిగ్రీలకు వెళ్లింది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు. పార్క్ లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్‌కు వేసే చిన్న ఫ్యాన్లు రెండు తెచ్చి నీటి పైకి గాలి తగిలేలా బిగించాను. ఇప్పుడు 28 దాటడం లేదు.

నాకు డ్యూటీ పడితే ముప్పై ఆరు గంటలు, ఒక్కోసారి రెండు రోజులు ఇంట్లో ఉండను. అప్పుడు మేత వేసేది మా ఆవిడే.

దుకాణంవాళ్లు మరో నాలుగు తెచ్చి వేస్తే గుంపు నిండి అంతా సర్దుకుంటుందని అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఇవి ఒకదాన్ని ఒకటి చంపుకుంటున్నాయా, లేక ఏదైనా జబ్బు ఉందా? మిగిలిన నాలుగింటి కోసం ఏం చేయమంటారు?

మణికొండ అక్వేరియం

మీ దుకాణంవాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. నా దగ్గర తొమ్మిది క్రోమిస్ రెండేళ్లుగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఎక్కువ ఉంటే పెద్దది ఒకే చేప వెంట పడకుండా అందరి మీదా తలా కాస్త కోపం చూపిస్తుంది. తక్కువ ఉన్నప్పుడే బలహీనమైనదానికి ప్రాణం మీదికి వస్తుంది. అయితే నా తొట్టి ఆరడుగులది, 600 లీటర్లు. తొమ్మిదింటినీ ఒకే రోజు, ఒకే సైజులో వేశాను. నాలుగడుగుల తొట్టి సంగతి నాకు అనుభవంలో లేదు.

ఉప్పునీళ్ల అమ్మమ్మ (వనస్థలిపురం)

లోకో పైలట్ గారూ, మీ నోటుపుస్తకం చూసి నాకు చాలా సంతోషం కలిగింది. ఇక్కడ చాలామంది "చేప పోయింది, ఎందుకు?" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. మీరు మూడు చావులనూ విడివిడిగా రాశారు. వాటిని విడివిడిగానే చూడాలి, ఎందుకంటే ఆ మూడింటికీ కారణం ఒకటి కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదటిది ప్రయాణం వల్ల పోయింది. మన ఊరికి వచ్చే క్రోమిస్‌లు దాదాపుగా అన్నీ సముద్రంలో పట్టినవే. క్లౌన్ చేపల్లా తొట్టెల్లో పుట్టి పెరిగినవి కావు. పట్టినవాడి దగ్గర కొన్ని రోజులు, ఎగుమతిదారు దగ్గర కొన్ని రోజులు, సంచీలో విమానం, ఆ తర్వాత దుకాణం. ఈ దారంతా వాటికి సరిగ్గా తిండి ఉండదు. పొట్ట లోపలికి పోయిన క్రోమిస్ కోలుకోవడం కష్టం. దుకాణంలో మన కళ్ల ముందే మేత వేయించి, ఎగబడి తిన్నవాటినే తెచ్చుకోవాలి. చూడవలసింది పొట్ట ఒక్కటే కాదు, తల వెనుక వీపు కూడా. అక్కడ కత్తి అంచులా సన్నబడి ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేసి రావాలి.

రెండోదాన్ని తోటి చేపలే చంపాయి. తోక చీలడం, పైన మూలకు చేరడం, గుంపులోకి రాకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే వేరే అర్థం లేదు. క్రోమిస్ గుంపుగా ఉంటుంది కాబట్టి సాధువు అనుకుంటాం. కానీ అది డాంసెల్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో శాంతస్వభావులు తక్కువ. గుంపులో ప్రతి చేపకూ ఒక వరుస స్థానం ఉంటుంది. అందరికన్నా పెద్దది రెండోదాన్ని తరుముతుంది, రెండోది మూడోదాన్ని తరుముతుంది. చివర ఉన్నదానికి తరమడానికి ఎవరూ ఉండరు, పారిపోవడానికి మాత్రం చోటు కావాలి. సముద్రంలో ఆ చోటు ఉంది. మీ తొట్టిలో నాలుగడుగులే ఉంది. చివరిది పోగానే దాని ముందున్నది చివరిది అవుతుంది. అందుకే ఏడు ఆరవుతాయి, ఆరు ఐదవుతాయి, ఆఖరికి ఒకే ఒక్క చేప, బాగా బలిసినది, తొట్టి అంతా తనదే అన్నట్టు తిరుగుతుంది.

ఇది నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. నేను ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పని చేసి రిటైరయ్యాను. ఉప్పునీళ్ల తొట్టి పెట్టి పద్నాలుగేళ్లవుతోంది. మొదట్లో ఐదు క్రోమిస్ తెచ్చి, ఒకటి పోగానే ఇంకొకటి తెచ్చి సంఖ్య నిలబెట్టేదాన్ని. రెండేళ్లలో పదకొండు చేపలు పోయాయి. ఆ పదకొండింటిలో సగానికి పైగా నేను తర్వాత తెచ్చినవే. కొత్తగా వచ్చిన చేపకు వరుసలో ఎప్పుడూ చివరి స్థానమే దొరుకుతుందని నాకు అర్థమయ్యేసరికి అన్ని ప్రాణాలు పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మిమ్మల్ని చేతులు పట్టుకుని అడుగుతున్నాను, ఇప్పుడు మరో నాలుగు తేవద్దు. మణికొండవారి తొమ్మిదీ ఒకే రోజున, దాదాపు మూడింతల తొట్టిలోకి వచ్చాయి. మీ సంగతి వేరు.

మూడోది జబ్బుతో పోయింది. ఎర్ర మచ్చ, వేగంగా ఊపిరి, ఒకటిన్నర రోజులో చావు. దీని గురించి ఇక్కడ చేపల డాక్టరు చదువు చదువుతున్న అబ్బాయి ఒకరున్నారు, ఆయన నాకన్నా బాగా చెబుతారు.

ఇక మిగిలిన నాలుగు. మీరు తొట్టి ముందు కూర్చున్నప్పుడు సహజంగానే కన్ను పెద్దదాని మీదికి, మెరిసేదాని మీదికి పోతుంది. ఇప్పటి నుంచి చివరి చేపను చూడండి. ఎవరికీ ముందు నిలబడలేనిది ఏదో కనిపెట్టండి. మేత వేసినప్పుడు అది ఎన్నో ముద్దకు వస్తోంది? ఒంటి రంగు మిగతావాటికన్నా మసకగా ఉందా? రెక్కలు ఒంటికి అంటించుకుని ఉంటోందా? అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రి ఎక్కడ పడుకుంటోంది? క్రోమిస్ పగలు గుంపుగా ఈదినా చీకటి పడగానే ఒక్కొక్కటీ రాళ్ల సందులోకి దూరి పడుకుంటాయి. పడుకునే సందు దొరకని చేప రాత్రంతా మేలుకునే ఉంటుంది, పగలంతా దెబ్బలు తింటుంది. లైట్లు ఆర్పిన గంట తర్వాత ఎర్రటి వెలుతురుతో చూడండి. ఎర్ర వెలుతురు వాటిని అంతగా బెదరగొట్టదు.

రెండు ప్రశ్నలు. మీ ఆవిడ మేత ఎన్నిసార్లు, తొట్టిలో ఎక్కడ వేస్తారు? ఫ్యాన్లు పెట్టాక రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు ఆవిరవుతున్నాయి, మీరు లేని రోజుల్లో వాటిని ఎవరు నింపుతున్నారు?

మత్స్యవిద్యార్థి

అమ్మమ్మ గారికి నమస్కారం. అన్నగారూ, మూడో చేప లక్షణాలు చూస్తే యూరోనీమా అనే ఏకకణ జీవి పని అనిపిస్తోంది. క్రోమిస్‌లకు ఇది మిగతా చేపలకన్నా ఎక్కువగా వస్తుంది. కచ్చితంగా తేలాలంటే మచ్చ మీది జిగురును గాజు పలకపై తీసి మైక్రోస్కోపులో చూడాలి. చిన్న చిన్న జీవులు గబగబా ఈదుతూ కనిపిస్తాయి.

దీని గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. తెల్లచుక్కల జబ్బు తెచ్చే క్రిమికి బతకడానికి చేప కావాలి. అందుకే తొట్టిని కొన్ని వారాలు చేపలు లేకుండా ఉంచితే అది చస్తుంది. యూరోనీమా అలా కాదు. అది నీటి అడుగున కుళ్లిన మేతలో ఉండే బ్యాక్టీరియాను తింటూ చేప లేకుండానే బతికేస్తుంది. చేప నీరసించినప్పుడు, ఒంటిమీద గాయమైనప్పుడు లోపలికి చొరబడుతుంది. కాబట్టి ఇది తొట్టిలో లేకుండా చేయడం మన చేతుల్లో లేదు, చేపను గట్టిగా ఉంచడం ఉంది. తరుములాటలో అయిన చిన్న గాయం, ఆ వారంలోనే 31 డిగ్రీల వేడి. ఈ రెండూ కలిసి దానికి దారి ఇచ్చి ఉంటాయి. వేడికి నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర సుమారు 6.2 మాత్రమే.

దుకాణాల్లో రాగి మందు ఇస్తారు. యూరోనీమా మీద ఆ మందును నమ్ముకోలేము. ఫార్మలిన్ స్నానం పని చేస్తుంది గానీ, అది మనుషులకూ ప్రమాదకరం, నీటిలో ఆక్సిజన్‌నూ తగ్గిస్తుంది. అంచనా మీద ఇంట్లో చేయవద్దు. ఎర్ర మచ్చ బయటికి కనిపించేసరికి లోపల కండరం దెబ్బతిని ఉంటుంది, అప్పుడు బతికించడం చాలా అరుదు. అంతకు ముందే, ఊపిరి వేగం పెరిగినప్పుడే, చేపను వేరే తొట్టిలోకి మార్చి చేపల డాక్టరును అడగాలి. అడుగున మిగిలిన మేతను వారానికోసారి గొట్టంతో లాగేయండి, ఫిల్టరు స్పాంజి తరచూ కడగండి.

లాలాగూడ లోకో

అమ్మా, మీరు చెప్పినట్టు మూడు రాత్రులు చూశాను. సంక్రాంతికి మా పాప గాలిపటాలకు తెచ్చిన ఎర్ర కాగితం మిగిలి ఉంటే టార్చికి రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను.

అన్నిటికన్నా పెద్దది, వీపు రెక్క మీద చిన్న నొక్కు ఉన్నది, కుడివైపు పెద్ద గుహలో ఒక్కతే పడుకుంటోంది. రెండు చేపలు నడిమి రాళ్ల సందుల్లో. నాలుగోది మూడు రాత్రులూ నీళ్లు తోడే పైపుకూ వెనుక అద్దానికీ మధ్య నిలబడే ఉంది. ఆ నీటి తోపుడుకు ఎదురు ఈదుతూనే ఉంది. పగలు నేను దాన్ని గమనించనే లేదు. మూడు కనిపిస్తే నాలుగోది అక్కడే ఎక్కడో ఉంటుందిలే అనుకున్నాను. దాని తోక కింది కొన కాస్త చిరిగింది. ఎర్ర మచ్చ ఏమీ లేదు, ఊపిరి కూడా మిగతావాటిలాగే ఉంది.

మీ ప్రశ్నలకు జవాబు. నేను ఇంట్లో ఉంటే మేత రెండుసార్లు. నేను లేనప్పుడు మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి, వంట పని అయ్యాక, రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారే. మూత ఎడమ మూలే తెరుచుకుంటుంది కాబట్టి అక్కడే చిటికెడు వేస్తుంది. పెద్ద చేప ఆ మూల కిందే కాపు కాస్తుందని పాప నిన్న చూపించింది.

రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతున్నాయి. నేను లేని రోజుల్లో ఎవరూ నింపడం లేదు. మొన్న విజయవాడ రన్నింగ్ రూములో (రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో) ఆగి రెండు రోజుల తర్వాత వచ్చి కొలిస్తే ఉప్పు వెయ్యికి 35 ఉండవలసింది 36.7 ఉంది. ఆ చేపలు ఇన్నాళ్లూ నా డ్యూటీ చార్టుతో పాటే ఎక్కుతూ దిగుతూ ఉన్న ఉప్పులో బతికాయన్నమాట. పుస్తకంలో నేను రాసుకున్న 1.026 అంతా నేను ఇంట్లో ఉండి నీళ్లు నింపాక కొలిచినదే. ఇది చూశాక మనసు కలుక్కుమంది.

విశాఖ తీరం

నేను డైవింగ్ చేస్తాను. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఈ చేపల గుంపులను చాలాసార్లు చూశాను. మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కొమ్మలు కొమ్మలుగా పెరిగిన పగడాల పొద మీద ఇవి మబ్బులా తేలుతూ ఉంటాయి. గుంపు అంటే సిపాయిల వరుస కాదు. ప్రతి చేపా తన కొమ్మకు పైన కొంచెం ఎత్తులో ఉండి, ప్రవాహం ఎటు నుంచి వస్తే అటు ముఖం పెట్టి, నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మ జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మన నీడ పడితే చాలు, గుంపు మొత్తం ఒక్క క్షణంలో కొమ్మల్లోకి ఇంకిపోతుంది. నీడ తొలగగానే మళ్ళీ పైకి వస్తుంది. ఆహారం ప్రవాహంతో పాటు అందరి ముందుకూ వస్తుంది కాబట్టి ఒక్క చేప దాన్నంతా ఆపలేదు.

మీ తొట్టిలో మేత ఒక మూల కుప్పగా పడుతోంది. అక్కడ ఎవరు నిలబడితే వారిదే తిండి. వేవ్‌మేకర్‌ను (నీటిని తోసే చిన్న మోటారును) ఒక చివర పెట్టి నీటిని పొడవునా తోయండి, మేతను ఆ తోపుడు ముందు వదలండి. నాలుగడుగులా చెదిరిపోతుంది. చేపలు కూడా ప్రవాహానికి ఎదురు నిలబడతాయి. అప్పుడు వాటికి తోటివాడి తోక మీదికన్నా ముందు నుంచి వచ్చే మేత మీద ధ్యాస ఎక్కువ.

ఉప్పునీళ్ల అమ్మమ్మ (వనస్థలిపురం)

విశాఖవారు చెప్పింది అక్షరాలా నిజం. లోకో పైలట్ గారూ, మీరు కలత పడకండి. మీరు కొలిచి దాచకుండా రాశారు కాబట్టే దారి దొరికింది. నాలుగోది ఇంకా తింటోంది, ఊపిరి సరిగా ఉంది. దాన్ని బతికించవచ్చు.

ముందు పెద్దదాన్ని పట్టండి, నాలుగోదాన్ని కాదు. బలహీనమైనదాన్ని బయటికి తీసి కొన్నాళ్లకు మళ్ళీ వేస్తే అది కొత్త చేప కిందే లెక్క, మళ్ళీ చివరికే పోతుంది. పెద్దదాన్ని చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో అదే తొట్టిలో పది రోజులు ఉంచండి. డబ్బాలోకి నీళ్లు ధారాళంగా పారాలి, మేత వేళకు దానికీ అందాలి. ఈలోగా మిగతా మూడూ తమ చోట్లు చూసుకుంటాయి. దాన్ని బయటికి వదిలే ముందు రాళ్లను కాస్త అటూ ఇటూ మార్చండి, తన గుహ తనకు గుర్తు లేకుండా.

పడుకునే చోట్లు చేపల లెక్కకు రెట్టింపు ఉండాలి. నాలుగింటికి ఎనిమిది. హార్డ్‌వేర్ దుకాణంలో అంగుళంన్నర పీవీసీ పైపు ముక్కలు, మోచేతి ముక్కలు తెచ్చి, వేడి నీళ్లతో కడిగి రాళ్ల వెనుక పెట్టండి. కొమ్మల ఆకారం కావాలంటే సిరామిక్‌తో చేసినవి దొరుకుతాయి. అసలైన పగడాలు, పగడపు రాయి ఎవరైనా రామేశ్వరం నుంచి తెచ్చామని అమ్మజూపితే ముట్టుకోవద్దు. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలు అదే.

మేత రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ కొద్దిగా. పగలంతా ఇంట్లో ఎవరూ లేనివారికి ఆటోమేటిక్ ఫీడర్ కన్నా మంచి సాయం లేదు. మిల్లీమీటరు కన్నా చిన్న గుళికలు పోసి, పొద్దున ఎనిమిది, పన్నెండు, నాలుగింటికి పెట్టండి. రాత్రి మీ ఆవిడ వేసేది ఎలాగూ ఉంది. దాన్ని మాత్రం లైట్లు ఆర్పడానికి గంట ముందు వేయమనండి. వానాకాలం తేమకు గుళికలు ముద్ద కడతాయి, వారానికోసారి తీసి తుడవాలి.

మీరు ఇంట్లో ఉన్న రోజుల్లో పాపతో కలిసి ఆర్టీమియా (చేపల మేతకు వాడే చిన్న ఉప్పునీటి రొయ్య) గుడ్లు పొదగండి. రెండు లీటర్ల సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరుకు 25 గ్రాముల ఉప్పు కలిపి, గాలి గొట్టం వేసి, పైన దీపం ఉంచితే మన వేడికి ఒక్క రోజులో పొదుగుతాయి. పొదిగిన కొన్ని గంటల్లోనే వేయాలి, వాటి కడుపులో సొన ఉన్నంతసేపే అందులో బలం. పైకి తేలిన పెంకులు మాత్రం తొట్టిలో పడకూడదు.

ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లే, ఉప్పు కలపకుండా. ఉప్పు ఆవిరి కాదు కదా. 20 లీటర్ల క్యాను పక్కనే ఎత్తుగా పెట్టి, కూలరుకు వాడే చిన్న తేలుడు వాల్వు బిగిస్తే మీరు కాజీపేటలో ఉన్నా విజయవాడలో ఉన్నా నీళ్లు తగ్గవు. వాల్వులో ఇత్తడి, రాగి భాగాలు లేకుండా ప్లాస్టిక్‌దే చూసుకోండి. రాగి రొయ్యలకు విషం. మీ ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క) కూడా ఒకసారి కొలవండి. మా బోరులో నేను 900 చూశాను, పాత ఫిల్టరయితే అందులో చాలా భాగం అలాగే దిగుతుంది.

ఒకటి దాచకుండా చెబుతాను. ఇన్ని చేసినా ఏడాదికి నాలుగు మూడు కావచ్చు, రెండు కావచ్చు. గుంపు కళ మీద మనసుంటే, ఇవి తమ ఆయుష్షు గడిపాక, పైజామా కార్డినల్ చేపలను ఆలోచించండి. నీలం ఉండదు, పగలు మందకొడిగా తేలుతూ ఉంటాయి, కానీ చిన్న గుంపుగా చాలావరకు సర్దుకుపోతాయి. అప్పుడు కూడా ముందు చిన్న తొట్టిలో నెల రోజులకు తగ్గకుండా విడిగా ఉంచాకే వేయాలి.

లాలాగూడ లోకో

జూన్ 20. చెప్పినవన్నీ చేశాక నాలుగు వారాల లెక్క రాస్తున్నాను.

పెద్ద చేపను పట్టడానికే రెండు గంటలు పట్టింది. నీళ్లు సగం తోడి, మా ఆవిడ ఒక వల, నేను ఒక వల పట్టుకుంటే దొరికింది. పది రోజులు డబ్బాలో ఉంది. మొదటి రెండు రోజులు ఏమీ తినలేదు, మూడో రోజు నుంచి తిన్నది. వదిలాక ఒక పూట అందరినీ తరిమింది. ఇప్పుడు కూడా తరుముతుంది గానీ రెండు అడుగులు వెళ్లి ఆగిపోతుంది.

నాలుగోదాని తోక దాదాపు నిండింది. వెనుక అద్దం పక్కన పెట్టిన మోచేతి పైపు ముక్కలో పడుకుంటోంది, వరుసగా పన్నెండు రాత్రులు నేనో పాపో అక్కడే చూశాం. మేత వేవ్‌మేకర్ ముందు వదలడం మొదలుపెట్టాక నాలుగూ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడుతున్నాయి. ఆ దృశ్యం జనవరిలో కూడా నేను చూడలేదు. ఉప్పు 35కు అటూ ఇటూ సగం పాయింటు కూడా కదలడం లేదు.

కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తెచ్చాను. కొత్త చేపలు తేవడం లేదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు పాప రోజూ రాత్రి ఎర్ర టార్చితో చూసి, ఎవరు ఎక్కడ పడుకున్నారో నోటుపుస్తకంలో బొమ్మ గీసి ఉంచుతోంది.

ఉప్పునీళ్ల అమ్మమ్మ (వనస్థలిపురం)

చాలా సంతోషం నాయనా. పాప గీసిన బొమ్మ ఒకటి ఇక్కడ పెట్టండి, నాకు చూడాలని ఉంది. వానలు బాగా పట్టాక గాలిలో తేమ పెరిగి నీళ్లు అంతగా ఆవిరి కావు, ఫ్యాన్ల చలువ కూడా తగ్గుతుంది. అప్పుడు వేడి, ఉప్పు రెండూ ఒక వారం పాటు రోజూ కొలిచి చూసుకోండి.